కుందేలుకు ఏ రంగు ఎక్కుతుంది?

హైదరాబాద్‌లో మ్యాచింగ్ సెంటర్లున్న బజార్ల పక్క సందుల్లోకి తిరిగితే చున్నీలకు రంగు వేసే దుకాణాలు కనిపిస్తాయి. పొయ్యి మీద మరిగే రంగునీళ్ళ గిన్నె, కలిపే కర్ర, తాడు మీద ఆరే చున్నీలు. గుడ్డ చేతికివ్వగానే అక్కడి పనివాడు ఏ రంగు కావాలని అడగడు. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీస్తాడు. వాసన చూస్తాడు. కాలిన చివర వేళ్ళ మధ్య పొడైతే గంటాగి రమ్మంటాడు. గట్టి పూసలా మిగిలితే "పాలిస్టరమ్మా, ఎక్కదు" అని గుడ్డ మడిచి ఇచ్చేస్తాడు.

అలాంటి దుకాణానికి నేను తీసుకెళ్ళింది చున్నీ కాదు, బొచ్చు కుందేలు. మా మేనకోడలిది. ఒకప్పుడు తెల్లగా ఉండేది. మూడేళ్ళు ఆ పిల్ల పక్కలో పడుకుని, రెండుసార్లు వాషింగ్ మెషీన్‌లో తిరిగి, పాత సున్నం గోడ రంగుకొచ్చింది. "మావయ్యా, దీన్ని ఊదా కుందేలు చెయ్యి" అని ఆర్డరు వేసింది. పనివాడు కుందేలును అటూ ఇటూ తిప్పి, పొట్ట నొక్కి చూసి, "దీన్ని ఉడకబెట్టమంటారా సార్?" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు గానీ, ఆ తర్వాత నేను ఈ విషయం మీద చదివిందీ, గిన్నెలో వేసి చూసిందీ అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

బొచ్చుబొమ్మకు రంగు వేయడం గురించి దొరికే సలహాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. వెనిగర్ వేసి ఫుడ్ కలర్‌తో ఉడికిస్తే చక్కగా పట్టిందని ఒకరంటారు. పొట్లం పొట్లమంతా కలిపినా రంగు నీళ్ళలోనే మిగిలిందని ఇంకొకరు. రంగు పట్టింది గానీ బొచ్చు కొబ్బరిపీచైందని మరొకరు. ఇవన్నీ వద్దు, పెయింట్ కొట్టేయమని ఇంకో వర్గం. వీళ్ళలో అబద్ధమాడేవాళ్ళు ఎవరూ లేరు. అందరి చేతిలోనూ ఉన్నది 'సింథటిక్' బొమ్మే. కాకపోతే ఒకరిది నైలాన్, ఒకరిది పాలిస్టర్, ఒకరిది అక్రిలిక్. బొమ్మల కొట్టులో మూడింటికీ ఒకటే పేరు. రంగుల గిన్నె దగ్గరకొచ్చేసరికి ఒకదానికి పెట్టే మేత రెండోది ముట్టదు.

గుడ్డను బట్టి రంగు అన్న సంగతి మనకు కొత్త కాదు. పెడన, మచిలీపట్నం కలంకారీ పనివాళ్ళు నూలుగుడ్డకు కరక్కాయ పట్టించి ఆరబెట్టి, ఎరుపు రావాల్సిన చోట పటిక అచ్చు వేసి, ఆ తర్వాతే కాగులో దించుతారు. పూర్వం వాడిన చిరివేరు ఎరుపైనా అంతే, పటిక పడ్డచోటే పట్టుకునేది. రంగుకూ పోగుకూ మధ్య పటిక పెళ్ళిళ్ళ పేరయ్య. పాలిస్టర్‌తో వచ్చిన చిక్కల్లా, దానికి అలాంటి పేరయ్య దొరకడు.

ఇవాళ అంగట్లో దొరికే బొచ్చుబొమ్మల్లో ఎక్కువ భాగం పాలిస్టరే కాబట్టి అసలు కథ ఇక్కడే ఉంది. 1941లో ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు కనిపెట్టిన పీచు ఇది. మన పెద్దవాళ్ళు టెర్లిన్ చొక్కా అని మురిసిపోతూ తొడుక్కున్నదీ ఇదే. ఉతికితే ఇట్టే ఆరిపోతుందని దానికి పేరు. ఆ మంచిపేరే రంగు దగ్గర చెడ్డపేరైంది. మామూలు గాలిలో ఉంచిన నూరు గ్రాముల నూలు ఎనిమిది గ్రాములకు పైగా చెమ్మ పీల్చుకుంటే, పాలిస్టర్ అర గ్రాము కూడా పీల్చుకోదు. నీళ్ళనే రానివ్వని ఇంట్లోకి నీళ్ళలో కరిగిన రంగు ఎలా వెళ్తుంది?

దీనికి జవాబు మన వంటింట్లోనే ఉంది. సాంబారు పోసి పంపిన ప్లాస్టిక్ డబ్బా సాయంత్రానికి పచ్చబడుతుంది, ఎంత తోమినా వదలదు. పసుపులోని రంగు అణువు చిన్నది. నీళ్ళంటే దానికి పడదు, నూనెతో మాత్రం చుట్టరికం. వేడి తగిలి ప్లాస్టిక్ కాస్త సడలగానే అందులోకి దూరిపోతుంది. చల్లారాక బయటికి దారి ఉండదు. పాలిస్టర్‌కు వాడే డిస్పర్స్ రంగులు చేసేది అచ్చంగా ఇదే పని. 1920లలో అసిటేట్ పట్టు వచ్చినప్పుడు దానికి ఏ పాత రంగూ పట్టకపోతే వీటిని తయారుచేశారు. ఇవి నీళ్ళలో కరగవు, గంధం కలిపిన నీళ్ళలా మెత్తటి పొడి తేలుతూ ఉంటుంది. ఆ పొడి పోగు మీదికి చేరి, మెల్లగా లోపలికి కరుగుతుంది. (మరి పసుపుతోనే బొమ్మకు రంగు వేయొచ్చు కదా అంటే, అంటుకుంటుంది గానీ ఎండకు నిలవదు. మరక పడ్డ డబ్బాను రెండు రోజులు ఎండలో పెట్టే గృహిణులకు ఈ సంగతి చెప్పక్కర్లేదు.)

లోపలికి కరగాలంటే మాత్రం వేడి కావాలి. పాలిస్టర్ అణువులు డెబ్బై, ఎనభై డిగ్రీల దాకా బిగుసుకునే ఉంటాయి. ఆపైన కదలడం మొదలుపెడతాయి, వేడి పెరిగేకొద్దీ దారి ఇస్తాయి. అందుకే మిల్లుల్లో మూత బిగించిన పాత్రలో ఒత్తిడి పెట్టి 130 డిగ్రీల దగ్గర రంగు వేస్తారు. మన గిన్నె నూరు దాటదు. హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదువందల మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ ఇంకో డిగ్రీ, రెండు డిగ్రీలు తక్కువే. ఈ లెక్క దగ్గరకు రాగానే ఎవరికైనా ప్రెషర్ కుక్కర్ గుర్తొస్తుంది. నాకూ వచ్చింది, అది 120 దాకా వెళ్తుంది మరి. కానీ విజిల్‌లోంచి వచ్చే ఆవిరిలో ఏముంటుందో, బొచ్చు ఊడి వెంట్ గొట్టంలో ఇరుక్కుంటే ఏమవుతుందో ఊహించుకోండి. పైగా ఒకసారి రంగు ఉడికిన కుక్కర్‌లో మళ్ళీ పప్పు వండకూడదు. ఆ ఆలోచన అక్కడే వదిలేశాను.

ఇంటి గిన్నె కోసం రెండు రాజీమార్గాలున్నాయి. డిస్పర్స్ రంగుల్లోనే చిన్న అణువులున్నవి తక్కువ వేడికే లోపలికి వెళ్తాయి. సులువుగా వెళ్ళినవి సులువుగానే బయటికీ వస్తాయి, వేడి ఇస్త్రీపెట్టె తగిలితే పక్క గుడ్డకు అంటుకుంటాయి. కుందేలుకు ఎవరూ ఇస్త్రీ చేయరు కాబట్టి ఇది మనకు పెద్ద లోపం కాదు. రెండో మార్గం క్యారియర్. పోగును కాస్త ఉబ్బించి, తక్కువ వేడికే తలుపు తెరిపించే రసాయనం. వెనకటి క్యారియర్లలో మిథైల్ శాలిసిలేట్ ఒకటి, నొప్పుల బామ్‌లలో ఉండేదే. ఇల్లంతా మందుల కొట్టు వాసన వేస్తుంది. మరికొన్ని అంతకంటే ఘాటైనవి, మిల్లులే వాటిని క్రమంగా మానుకున్నాయి.

ఇంట్లో వాడుకునే రంగుల్లో సింథటిక్‌కని చెప్పి అమ్మేవాటిలో పేరున్నవి రిట్ కంపెనీ డైమోర్, జాకార్డ్ కంపెనీ ఐడై పాలీ. రెండూ డిస్పర్స్ రకమే, రెండోదాని వెంట రంగు గాఢంగా పట్టేందుకు వేరే ప్యాకెట్ కూడా వస్తుంది. మోసపోయేది పేర్ల దగ్గర. అదే రిట్ పేరుతో వచ్చే ఆల్ పర్పస్ రంగు నూలుకూ ఉన్నికీ పనికొచ్చే రకాల మిశ్రమం, పాలిస్టర్ మీద దాని జోరు సాగదు. 'ఆల్ పర్పస్' అన్న మాట చూసి కొన్నవాళ్ళే రంగు నీళ్ళలోనే మిగిలిందని వాపోయేది. నేను మొదట ఫ్యాన్సీ షాపులో కొన్న పొట్లం కథా అంతే. ఉప్పు వేయమన్నారు, వేశాను. గంటసేపు ఉడికించాను. కుందేలు కోసం తెచ్చిన నమూనా గుడ్డ కుళాయి కింద పెట్టగానే తెల్లగా బయటపడింది, నా వేళ్ళు మాత్రం వారం రోజులు ఊదాగా ఉన్నాయి.

అక్రిలిక్ సంగతి వేరే. ఉన్నికి నకలుగా 1950లో డూపాంట్ ఓర్లాన్ పేరుతో దీన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. చలికాలం చవక స్వెట్టర్లు, పొడుగు బొచ్చున్న కొన్ని బొమ్మలు దీనితోనే చేస్తారు. ఈ పోగుకు ఋణావేశం ఉంటుంది కాబట్టి ధనావేశమున్న బేసిక్ రంగుల్ని అయస్కాంతంలా లాక్కుంటుంది. కృత్రిమ రంగుల చరిత్ర మొదలైందే ఈ కుటుంబంతో. 1856లో లండన్‌లో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు క్వినైన్ చేయబోయి పొరపాటున రాబట్టిన ఊదా ఈ రకానిదే. పట్టు మీదా నూలు మీదా ఈ రంగులు మిలమిల మెరిసి త్వరగా వెలిసేవి. నూరేళ్ళ తర్వాత అక్రిలిక్ వచ్చాక వీటికి స్థిరమైన కాపురం దొరికింది. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే పూసిన ఊదా మందు జెన్షన్ వయొలెట్ గుర్తుందా? అదీ బేసిక్ రంగే. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం పీచుమిఠాయిని నిషేధించడానికి కారణమైన గులాబీరంగు రోడమిన్-బి కూడా ఆ ఇంటిదే.

అక్రిలిక్‌కు బేసిక్ రంగు శాస్త్రప్రకారం సరైన జోడీ. అయినా పిల్లలున్న ఇంట్లో ఆ పొడి డబ్బా తెరవమని నేను ఎవరికీ చెప్పను. చిటికెడు పొడి గాలికి లేస్తే గట్టు, గోడ, గోళ్ళు అన్నీ రంగే. వేసే పద్ధతీ మొండిది. ఎనభై డిగ్రీల దాకా ఏమీ జరగనట్టుంటుంది, ఆపైన ఒక్కసారిగా గిన్నెలో రంగంతా పోగు మింగేస్తుంది. అక్కడ మంట తగ్గించి నెమ్మదిగా పోనివ్వకపోతే చెవులు ముదురు, పొట్ట లేత. మనకు కావలసింది లేతరంగే అయితే ఇంత తంటా అక్కర్లేదు. డిస్పర్స్ రంగులు అక్రిలిక్‌కూ కొంతవరకు పడతాయి, లేత గులాబీ, లేత నీలం వంటివి వాటితోనే వచ్చేస్తాయి. ముదురు నలుపో, నిండు ఎరుపో కావాలంటేనే ఆశ వదులుకోవాలి.

నైలాన్ వీటన్నిటిలోకీ మంచిబాలుడు. ఆమ్లం తగిలితే దానికి ధనావేశం వస్తుంది, ఋణావేశమున్న యాసిడ్ రంగుల్ని పట్టుకుంటుంది. మిఠాయిల్లో వాడే టార్ట్రజైన్, బ్రిలియంట్ బ్లూ లాంటి ఫుడ్ కలర్లు ఈ యాసిడ్ రంగులే. అందుకే వెనిగర్ వేసి ఉడికిస్తే ఆ ఒక్కరికి చక్కగా పట్టింది. మొదటితరం టెడ్డీలకూ ఈ బాధ లేదు. 1902లో మిసిసిపీ వేటలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఎలుగుబంటిని కాల్చనన్నాక అమెరికాలో టెడ్డీ పుట్టింది, ఇంచుమించు అదే సమయంలో జర్మనీలో స్టైఫ్ కంపెనీ మొహైర్ ఎలుగుబంటిని తెచ్చింది. మొహైర్ అంటే మేకబొచ్చు. వెంట్రుక ఏదైనా యాసిడ్ రంగును కాదనదు. ఇక మోడాక్రిలిక్ అని ఇంకొకటుంది, ఇప్పటి కృత్రిమ సవరాల్లో, విగ్గుల్లో, నకిలీ ఫర్‌లో కనిపించేది. వేడికి ఇట్టే ముడుచుకుపోతుంది. దాని జోలికి గిన్నెతో వెళ్ళొద్దు.

మరి చేతిలో ఉన్నది ఏదని తెలిసేదెలా? లేబుల్ చూడమని అందరూ అంటారు. లేబుల్‌నే నమ్మి దెబ్బతిన్నవాళ్ళూ ఉన్నారు. విదేశీ బొమ్మల తోక దగ్గర కుట్టిన చీటీలో 'ఆల్ న్యూ మెటీరియల్స్, పాలిస్టర్ ఫైబర్' అని ఉంటే అది చెప్పేది లోపలి దూది గురించి, పైనున్న బొచ్చు గురించి కాదు. పొట్టలో పాలిస్టర్, ఒంటి మీద అక్రిలిక్ ఉన్న ఎలుగుబంటికి అదే చీటీ ఉంటుంది.

కాబట్టి చున్నీ దుకాణం పద్ధతే మేలు. వీపు కుట్టు దగ్గర కనపడనిచోట నాలుగు పోగులు కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్ళెం మీద వెలిగించాలి. పాలిస్టర్ మంటకు దూరంగా ముడుచుకుని కరుగుతుంది, నల్లపొగ వస్తుంది, కాస్త తియ్యటి వాసన, చివర గుండ్రటి గట్టి పూస. అక్రిలిక్ గబగబా మండుతుంది, వాసన ఘాటు, పూస వంకరటింకరగా ఉండి నలిపితే పెళుసుగా విరుగుతుంది. నైలాన్ పూస గోధుమరంగులో ఉంటుంది. మంట తీయగానే ఆరిపోతే మోడాక్రిలిక్ అనుకోవచ్చు. పాలిస్టర్‌కూ నైలాన్‌కూ తేడా మొదటిసారే తెలియదు, ఇంట్లో తెలిసిన గుడ్డపీలికలు రెండు కాల్చి ముక్కుకు అలవాటు చేస్తే తెలుస్తుంది. ఒక అడ్డదారి కూడా ఉంది. అలాగే కత్తిరించిన నాలుగు పోగుల్ని ఏ రంగు కొన్నారో దానిలో ఒక గ్లాసు వేడినీళ్ళతో ఉడికించి చూడడం. పేరు తెలియకపోయినా ఎక్కుతుందో లేదో తేలిపోతుంది.

ఇప్పుడు పనివాడి ప్రశ్నకు వద్దాం. రంగు ఎంపిక పుస్తకాల్లో ఎప్పుడో తేలిపోయిన విషయం. బొమ్మ దగ్గర తేలనిది వేడి. చున్నీ చదునైన గుడ్డ, మరిగినా చున్నీగానే బయటికొస్తుంది. బొచ్చుబొమ్మ అందం నిలబడ్డ పోగుల్లో ఉంది, మిల్లులో వేడి చేసి, దువ్వి, కత్తిరించి నిలబెట్టిన పోగులవి. రంగు లోపలికి వెళ్ళేంత వేడికి ఆ పోగు తన నిలకడ కూడా మరిచిపోతుంది. అడుగు తగిలినచోట ఉంగరాలు తిరుగుతుంది, గరిటెతో నొక్కినచోట అణిగిపోతుంది. వెనక గుడ్డకు బొచ్చును పట్టి ఉంచే జిగురు పూత మెత్తబడుతుంది. కళ్ళు జిగురుతో అతికించినవైతే ఊడతాయి. లోపలి దూదీ పాలిస్టరే కాబట్టి అది కూడా రంగు తాగుతుంది, మనం కొన్న రంగులో సగం ఎవరికీ కనపడని పొట్టలోకి పోతుంది. ఆ దూది ఆరడానికి వానాకాలంలో నాలుగు రోజులు, ఈలోగా ముక్కవాసన. కుట్టు విప్పి, దూది తీసి, చర్మం ఒక్కటే ముంచడం తప్ప వేరే దారి నాకు కనపడలేదు. మునిగేన్ని నీళ్ళు, అడుగు తగలకుండా ఒక చిల్లుల పళ్ళెం, తెర్లనివ్వని మంట, అరగంట నుంచి గంట. తర్వాత గిన్నెలోనే చల్లారనివ్వాలి. వేడి మీద చన్నీళ్ళలో పడేస్తే ఎక్కడ మడత ఉంటే అక్కడే మడత మిగిలిపోతుంది.

ఇంత కష్టమెందుకని పెయింట్ వైపు వెళ్ళేవాళ్ళది తెలివైన దారే. అక్రిలిక్ పెయింట్‌ను ఫ్యాబ్రిక్ మీడియంతో పలచగా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో బొచ్చు మొదలు దాకా రాసి, ఆరేలోగా దువ్వుతూ ఉంటే పోగు జాతితో పని లేకుండా రంగు నిలుస్తుంది. (పేరు కలిసినంత మాత్రాన ఇది అక్రిలిక్ గుడ్డకే అనుకోవద్దు, దేనికైనా సరే.) కాకపోతే ఇది లోపలికి వెళ్ళే రంగు కాదు, పైన కట్టే పొర. ఎంత దువ్వినా మెత్తదనం తగ్గుతుంది. చెవి లోపల, పాదాల కింద, చారలకూ మచ్చలకూ ఇదే సరి. ఒళ్ళంతా పూస్తే కుందేలు కాస్తా కొబ్బరిపీచు చాపవుతుంది. పర్మనెంట్ మార్కర్ సిరాను స్పిరిట్‌లో కరిగించి చల్లే పద్ధతీ ఉంది. చూడ్డానికి భలే ఉంటుంది, చెమట చేతులకు మాత్రం అంటుతుంది. అలమరలో పెట్టుకునే బొమ్మకు సరే, పక్కలో పడుకునేదానికి కాదు. టీ షర్టుల మీద బొమ్మలు దించే సబ్లిమేషన్ కాగితం బొచ్చు మీద వేస్తే రెండువందల డిగ్రీల దిమ్మ కింద అది అట్టయిపోతుంది.

ఏ దారిన వెళ్ళినా వెనక్కి రావడం మాత్రం లేదు. నీలం ఎలుగును పసుపు రంగులో ముంచితే ఆకుపచ్చ ఎలుగు వస్తుంది, పసుపు ఎలుగు కాదు. పాత రంగు తీసేద్దామంటే, రంగులద్దేవాళ్ళు హైడ్రోస్ అనే సోడియం హైడ్రోసల్ఫైట్ కొన్నిటిని వెలిసేలా చేస్తుంది. పోగు తీసేటప్పుడే ముద్దలో రంగు కలిపిన రకం అయితే దానిముందు హైడ్రోసూ బ్లీచూ రెండూ ఓడిపోతాయి. బొమ్మల ఫర్‌లో అలాంటిది తక్కువేమీ కాదు.

పసిపిల్ల నోట్లో పెట్టుకునే బొమ్మకైతే ఇవేవీ వద్దని నా అభిప్రాయం. అజో రంగుల్లో కొన్ని విడిపోయి క్యాన్సర్ కారక అమైన్లు ఇస్తాయని 1994లో జర్మనీ, 1997లో మన కేంద్రం నిషేధాలు తెచ్చాయి. మన దేశంలో అలా పక్కన పెట్టినవి మొత్తం 112. డిస్పర్స్ రంగుల్లో బ్లూ 106, బ్లూ 124 అనే రెండూ బట్టల వల్ల వచ్చే దద్దుర్లకు ఎంత పేరుమోశాయంటే, 2000లో అమెరికా చర్మవైద్యుల సంఘం ఒకటి వాటిని ఆ ఏటి అలర్జీ కారకాలుగా ప్రకటించింది. మన దగ్గర 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ఆ ముద్ర భరోసా కొన్న బొమ్మకే, మన గిన్నెలోంచి తీసిన బొమ్మకు కాదు. పేరూ రకమూ రాయని విడి పొడి ఎంత చవకైనా అందుకే కొనకూడదు.

మా కుందేలు పోగు గుండ్రటి పూస ఇచ్చింది. మేనకోడలికి ఏడేళ్ళు, చెవులు నమిలే వయసు దాటింది. వీపు కుట్టు విప్పి దూది తీస్తుంటే అది గది బయట నిలబడి, "నొప్పెడుతుందా మావయ్యా" అని రెండుసార్లు అడిగింది. వంటకు మళ్ళీ వాడని పాత అల్యూమినియం గిన్నెలో, సింథటిక్‌కని అమ్మే సీసా రంగుతో నలభై నిమిషాలు ఉంచాను. చల్లారాక సబ్బునీళ్ళలో మూడుసార్లు జాడించి, తడి తెల్లగుడ్డతో రుద్ది చూశాను. మొదటిసారి గుడ్డకు అంటింది, మూడోసారి అంటలేదు. ఎడమ తొడ దగ్గర పళ్ళెం చిల్లుల గుర్తులు నాలుగు పడ్డాయి. దువ్వితే మూడు పోయాయి. ఊదా అనుకున్నది పాత మాసిన రంగు కలిసి వంకాయ పువ్వు రంగైంది.

ముక్కు మాత్రం మారలేదు. దాన్ని కుట్టిన గులాబీ దారం నూలుదారం, డిస్పర్స్ రంగు దాన్ని ముట్టుకోలేదు. మేనకోడలు కొత్త కుందేలును చేతుల్లోకి తీసుకుని, కాసేపు అనుమానంగా చూసి, ముక్కు మీద వేలు పెట్టి, "ఆఁ, ఇదే" అంది.